తూర్పు వాకిలి

దుబాయి నుండి బయలుదేరిన విమానము నాలుగు గంటలలోపుననే శంషాబాదున దిగుచున్నది. అచ్చట దిగిన ప్రయాణికుడు ఉప్పలునకో నాచారమునకో చేరుటకు పగటి రద్దీలో గంటన్నరయు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టుచున్నది. సముద్రము దాటిన కాలములో ఇంచుమించు సగము తన నగరములో తన యింటి వాకిలి చేరుటకే వ్యయమగుచున్నదన్నమాట. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్న సామెత తూర్పు హైదరాబాదు వాసులకు నిత్యానుభవము.

పూర్వస్థితి ఇట్టిది కాదు. నిజాము కాలమున వెలసిన బేగంపేట విమానాశ్రయము నగరమధ్యముననే యుండెను. ఉప్పలు నుండి బయలుదేరినవాడు తార్నాక, సికిందరాబాదుల మీదుగా పోయి దానిని అనాయాసముగ అందుకొనెడివాడు. 2008 మార్చి 23వ తేదీన శంషాబాదులోని రాజీవ్ గాంధీ విమానాశ్రయము తెరువబడుటతో బేగంపేట సాధారణ ప్రయాణికులకు మూతపడెను. బేగంపేట ఇరుకైనది, పెరుగుటకు తావు లేనిది. దానిని విడుచుట తప్పని మేమనము. కాని తరువాతి కథ చిత్రమైనది. 2017 నవంబరులో నాగోలు నుండి మెట్రో రైలు నడువనారంభించినది. అది ఉప్పలు, హబ్సిగూడ, తార్నాకల మీదుగా తిన్నగా బేగంపేటకే పోవుచున్నది. విమానములు వెడలిపోయిన తొమ్మిదేండ్లకు రైలు వచ్చి ఆ వాకిట నిలిచినది! మన పెద్దల పథకరచనకు ఇంతకంటె నిదర్శనము వెదకనక్కరలేదు.

ఇప్పుడున్న మార్గములేవి? ఆర్టీసీవారి పుష్పక్ బస్సులు కలవు. వానిలో కొన్ని పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా మెహిదీపట్నము వైపు పోవును. కొన్ని ఆరాంఘరు, ఎల్బీ నగరు, ఉప్పలుల మీదుగా సికిందరాబాదునకు పోవును. మనవారు ఎక్కవలసినది ఈ రెండవ తెగ బస్సునే. తెలియక మొదటిదానిని ఎక్కినవాడు నగరప్రదక్షిణము చేసి గాని ఇల్లు చేరడు. నాచారమువారు హబ్సిగూడలో దిగి ఆటోను ఆశ్రయింపవలెను. ఔటర్ రింగు రోడ్డు మీదుగా టాక్సీలో వచ్చుట సుఖమే. కాని చుట్టు ఎక్కువ, బాడుగకు తోడు టోలు. ఎంఎంటీఎస్ రైలు 2023 నుండి ఉందానగరు వరకు వచ్చుచున్నది గాని విమానాశ్రయపు గుమ్మము తొక్కుట లేదు.

విమానయానము ధనికుల విలాసమను తలంపు ఇంకను కొందరిని విడువలేదు. అట్టివారు ఒక రాత్రి శంషాబాదున నిలిచి, గల్ఫు దేశముల నుండి దిగువారిని చూతురుగాక. రెండేండ్ల కష్టమును రెండు పెట్టెలలో కట్టి తెచ్చుకొన్న కూలివాడు, వానిని ఎదుర్కొనవచ్చిన ముసలి తండ్రి, నిద్రకు తూలు బిడ్డలు అచ్చట కనబడుదురు. వరంగల్లు, జనగామ, భువనగిరి వైపు పోవువారికి నగరము దాటు ద్వారము ఉప్పలే. అర్ధరాత్రి దాటినచో మెట్రో లేదు. బేరమాడు శక్తి నిద్రలేని వానికి ఉండదు గనుక టాక్సీవాడు చెప్పినదే ధర. విదేశమున కూడబెట్టినదానిలో మొదటి భాగము ఈ ముప్పది కిలోమీటర్ల పైచిలుకు దారికే అర్పణమగుచున్నది. ఇక నాచారము పారిశ్రామికవాడకు వచ్చు వ్యాపారులు, ఉప్పలు పరిసరములందలి పరిశోధనాలయములకు వచ్చు శాస్త్రజ్ఞుల సంగతి చెప్పనేల? 2025 జనవరిలో చర్లపల్లి రైల్వే టెర్మినలు ప్రారంభమైన పిమ్మట ఈ దిక్కునకు రాకపోకలు మరింత హెచ్చినవి.

విమానాశ్రయమునకు మెట్రో రైలు వేయుదుమని ప్రభుత్వములు పలుకకపోలేదు. 2022 డిసెంబరు 9వ తేదీన రాయదుర్గము నుండి 31 కిలోమీటర్ల మార్గమునకు శంకుస్థాపన జరిగినది. వ్యయము 6,250 కోట్లని చెప్పిరి. మరుసటి యేట ప్రభుత్వము మారినది, ఆ మార్గమును విడిచినది. నాగోలు నుండి ఎల్బీ నగరు, చాంద్రాయణగుట్టల మీదుగా 36.8 కిలోమీటర్ల క్రొత్త మార్గమును చేర్చిన రెండవ దశ పథకము 2024 నవంబరులో కేంద్రమునకు పంపబడినది. ఇద్దరు ముఖ్యమంత్రులు, రెండు దారులు; రైలు మాత్రము ఇంతవరకు ఏ దారినను నడువలేదు.

ఈ రెండింటిలో నాగోలు మార్గమే న్యాయమైనదని మా దృఢాభిప్రాయము. పడమటి వైపున విమానమెక్కువారు హెచ్చుగా నున్నారని కొందరు వాదింతురు. వారికి ఎక్స్‌ప్రెస్‌వే ఉన్నది, ఔటర్ రింగు రోడ్డు చేరువలో నున్నది, ఇప్పటికే చాలినన్ని బస్సులున్నవి. దారి వేసిన తావున ప్రయాణికులు పెరుగుదురు. వేయని తావున లెక్కించి, ఇచ్చట ప్రయాణికులు లేరనుట ఏమి తర్కము? మరియు నాగోలునకును ఎల్బీ నగరునకును నడుమ సుమారు అయిదు కిలోమీటర్ల ఖాళీ యున్నది. రెండు మెట్రో మార్గములు ఎదురెదురుగా వచ్చి ఒకదానినొకటి ముట్టక ఆగిపోయినవి. మొదటి గునపము అచ్చటనే పడవలెను. ఆ ముక్క పూర్తియైనచో, తక్కిన మార్గము ఎప్పటికి వచ్చినను, తూర్పువారికి అప్పుడే కొంత మేలు కలుగును.

రైలు వచ్చులోపల చేయదగినది లేకపోలేదు. ఉప్పలు మీదుగా పోవు పుష్పక్ బస్సును గల్ఫు విమానములు దిగు వేళలకు సరిగా, రాత్రి తెల్లవార్లు నడుపవలెను. ఏ బస్సు ఉప్పలు పోవునో ప్రయాణికుడు వెలుపలికి వచ్చినంతనే కనబడునట్లు పెద్ద తెలుగు అక్షరములతో వ్రాయింపవలెను. ఉప్పలు కూడలిలో వరంగల్లు బస్సు నిలుచు చోటునకు చేరువగా పుష్పక్ నిలుపవలెను. సామానుతో దిగినవాడు నడిరోడ్డున చీకటిలో పరుగెత్త నవసరముండదు. ఈ రెండు బస్సులును ఆర్టీసీవే. వీనికి ఢిల్లీ అనుమతి అక్కరలేదు.