పొత్తు పట్టుకున్న చేతులు

కిందటేడు అరకు వెళ్లొచ్చేసరికి ఫోన్‌లో రెండొందల ఫొటోలు పోగయ్యాయి. కొండలు, మంచు, కాఫీ తోటలు. దేనికదే అందం. ఇప్పుడు కళ్లు మూసుకుంటే వాటిలో ఒక్కటీ విడిగా కనబడదు. మనసులో ఉండిపోయింది ఒకే ఒక్క ఫొటో: రోడ్డు పక్కన మా పెద్దమ్మ కాల్చిన మొక్కజొన్న పొత్తును రెండు చేతులా పట్టుకుని ఊదుతోంది. పొగకు ఒక కన్ను మూసుకుంది. గాజులకు మసి అంటింది.

మా పెద్దమ్మ కాబట్టే గుర్తుందనుకున్నాను. అదొక్కటే కాదట. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ఫిలిప్ ఐసోలా, ఆడ్ ఒలీవా తదితరులు 2,222 ఫొటోలతో ఒక పరీక్ష పెట్టారు. ఫొటోలు వరసగా చూపిస్తూ, ముందు చూసింది మళ్లీ వస్తే గుర్తుపట్టమన్నారు. కొందరికి బాగా గుర్తున్నవే చాలావరకు మిగతావాళ్లకూ గుర్తున్నాయి. ముక్కూమొహం తెలియని వాళ్లవైనా సరే, మనుషులున్న ఫొటోలు ముందు నిలిచాయి. ఉత్త ప్రకృతి దృశ్యాలు వెనకబడ్డాయి. అందంగా ఉన్నవే గుర్తుంటాయన్న మన అంచనా కూడా తప్పని తేలింది.

నాకు తోచిన కారణం ఇది. ఒక కొండ ఇంకో కొండలో కలిసిపోతుంది. పొగకు ముడుచుకున్న ఒక కన్ను ఇంకే కంటిలోనూ కలవదు.

విషాదాల విషయంలోనూ ఇంతే. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు వేలమందిని బలిగొంది. అంత పెద్ద లెక్కను ఏ మనసూ మోయలేదు. దేశం మోస్తున్నది ఒక పసిమొహాన్ని. గోతిలో, మట్టి పూర్తిగా కప్పేముందు, తెరిచి ఉన్న కళ్లు. ఆ మొహాన్ని ఫొటోగ్రాఫర్లు పాబ్లో బార్తొలోమ్యూ రంగుల్లో, రఘు రాయ్ నలుపు తెలుపుల్లో తీశారు. రఘు రాయ్ ఫొటోలో ఆ మొహం మీద పెద్దవాళ్ల చెయ్యి ఒకటి కూడా ఉంది. ఆ బిడ్డ పేరు మనకు తెలియదు. అయినా ఒకసారి చూసినవాళ్లు మరచిపోలేరు. ఆ చేతిలో మన చెయ్యి కనబడుతుంది.

అందుకే చెబుతున్నాను. ఈసారి ఊరెళితే గుడి గోపురం ఫొటో తీసుకోండి, తప్పులేదు. కానీ మెట్ల దగ్గర నాన్న ఒక చేత్తో గోడ పట్టుకుని చెప్పులు విప్పుతుంటారు. నాలుగడుగులు దగ్గరికి వెళ్లండి. ఇటు చూడమని పిలవకండి. ఆయన్ని అలాగే తీయండి.