నల్ల తెర ఓటమి కాదు, తొలి పాఠం

జంషెడ్‌పూర్‌లో ఇంజినీరింగ్ చదివే విద్యార్థి లినక్స్ నేర్చుకోవడానికి విండోస్‌ను తీసేయనక్కర్లేదు. వర్చువల్‌బాక్స్ వంటి సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్‌లోనే మరో కంప్యూటర్‌ను సృష్టిస్తుంది. కానీ అందులో లినక్స్ ఎక్కించాక ఐకాన్‌లకు బదులు నల్ల తెరపై లాగిన్ అక్షరాలే కనిపిస్తే చాలామంది అక్కడే ఆగిపోతారు.

అది లోపం కాదు. లినక్స్‌లో కెర్నల్ వేరు, డెస్క్‌టాప్ వేరు. సర్వర్ల కోసం చేసిన కూర్పుల్లో సాధారణంగా డెస్క్‌టాప్ ఉండదు, మనమే చేర్చుకోవాలి. చేర్చాక నత్తనడక నడిస్తే, దానికీ కారణం ఉంది. వర్చువల్ యంత్రానికి గ్రాఫిక్స్ చిప్ సాయం అందకపోతే తెరపై బొమ్మంతా ప్రాసెసరే గీయాలి. అందుకే 4 జీబీ మెమరీ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో గ్నోమ్ కన్నా తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ మేలు.

అన్నీ ముందే అమర్చిన కంప్యూటర్లు చూపిస్తే ఈ సంగతి తెలియదు. 1960లో మొదలైన ఇక్కడి ఎన్‌ఐటీ నుంచి పాలిటెక్నిక్‌ల దాకా, నల్ల తెర నుంచి డెస్క్‌టాప్ వరకు విద్యార్థి చేతే చేయించాలి. చెడిపోతుందన్న భయం వద్దు. ముందుగా స్నాప్‌షాట్ తీసుకుంటే మళ్లీ పాత స్థితికి వెళ్లవచ్చు. కొలిమి దగ్గర నిలబడకుండా ఉక్కు పని రాదని ఈ ఊరికి వేరే చెప్పాలా? కొత్త ల్యాప్‌టాప్ కొనలేని ఇంటి పిల్లలకు ఇదే చవకైన ప్రయోగశాల.