నిలిచి ఉండే ఆదేశం: నెల్లూరు తీర నాడీవైవిధ్య ఉద్యోగుల ప్రణాళిక

నెల్లూరు తీరంలోని రొయ్యల శుద్ధి కర్మాగారాల్లో, హేచరీల్లో, మేత గోదాముల్లో, ఓడరేవు పనుల్లో, వాటి అనుబంధ కార్యాలయాల్లో ఉద్యోగాలు చేస్తూ ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా వంటి స్థితులతో జీవిస్తున్నవారు ఈ ప్రణాళికను ప్రకటించవలసి వచ్చింది. వారి మేలు కోసమేనని చెప్పి ఒక సంస్థ తయారుచేసిన సమాన అవకాశాల విధానాన్ని వారిని తలుపు బయట నిలబెట్టి రాయడమే దీనికి కారణం. సమాచారాన్ని గ్రహించడంలో, దృష్టి నిలపడంలో, శబ్దాన్నీ వెలుతురునూ తట్టుకోవడంలో మనుషుల మెదళ్ళ మధ్య ఉండే సహజమైన తేడాలను కలిపి నాడీవైవిధ్యం అంటారు. ఆ తేడాలు ఎక్కువమంది తీరుకు దూరంగా ఉన్నవారే ఇక్కడ చెప్పే నాడీవైవిధ్య ఉద్యోగులు. 1990ల చివర ఆటిజం ఉన్నవారు తమ గురించి తామే మాట్లాడుకున్న చర్చల్లో రూపుదిద్దుకున్న ఈ భావన, పాతికేళ్ళ తరువాత ఈ తీరానికి చేరేసరికి, ఆ మనుషులనే పక్కకు నెట్టి సంస్థలు గోడకు అంటించుకునే కాగితంగా మారడాన్ని సంతకం చేసినవారు అంగీకరించరు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని, అంటే వికలాంగ ఉద్యోగుల కోసం తాను ఏమేమి చేయదలచుకున్నదీ తెలిపే పత్రాన్ని, ప్రకటించాలి. ఆ పత్రం రాయడానికి వేసిన సంఘంలో సిబ్బంది విభాగం అధికారి, వైద్యుడు, చెన్నై నుంచి వచ్చిన సలహాదారు, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఇద్దరు తల్లిదండ్రులు ఉన్నారు గాని, ఎవరి గురించి ఆ పత్రమో ఆ ఉద్యోగుల్లో ఒక్కరూ లేరు. తమకు చోటు కావాలని ఉద్యోగులు రాసి ఇచ్చిన అర్జీకి, సమావేశాల్లో వాదోపవాదాలు జరుగుతాయి కాబట్టి వారు ఒత్తిడికి లోనవుతారని, పైగా వారి తరఫున తల్లిదండ్రులు ఉండనే ఉన్నారని జవాబు వచ్చింది. అర్జీ పెట్టినవారు ముప్ఫై ఏళ్ళు దాటినవారు. పిల్లల్ని బడికి పంపుతున్నవారు, తమ జీతంలోంచి ఆ తల్లిదండ్రులకే మందులు కొంటున్నవారు వారిలో ఉన్నారు. ఏప్రిల్ 2న, అంటే 2008 నుంచి ఐక్యరాజ్యసమితి పాటిస్తున్న ప్రపంచ ఆటిజం అవగాహన దినాన, అదే సంస్థ వారిని పిలిపించి, ముందు వరుసలో కూర్చోబెట్టి, శాలువాలు కప్పి, ఫొటోలు తీయించుకుని, మైకు మాత్రం వారి చేతికి ఇవ్వకుండా సభ ముగించింది. శాలువా కప్పించుకునేటప్పుడు లేని ఒత్తిడి నోరు తెరిచేటప్పుడు ఎక్కడినుంచి వస్తుందో ఆ సంఘం ఇంతవరకు చెప్పలేదు.

చట్టాల చరిత్ర ఈ రంగంలో ఉన్నవారికి తెలియనిది కాదు. 1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం దాని పేరు ఎత్తింది గాని ప్రధానంగా సంరక్షకుల గురించే మాట్లాడింది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను 2007లో భారతదేశం ఆమోదించిన తరువాత వచ్చిన 2016 చట్టం వైకల్యాల జాబితాను 21కి పెంచింది. ఆ చట్టం ప్రభుత్వోద్యోగాల్లో ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్‌లో ఒకే ఒక్క శాతాన్ని ఆటిజం, మేధోవైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక రుగ్మత ఉన్నవారూ బహుళ వైకల్యాలున్నవారూ పంచుకోవాలి. ఏడీహెచ్‌డీకి జాబితాలో చోటే లేదు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు, 5 శాతం మందిని నియమించుకునే యజమానులకు ప్రభుత్వాలు తమ స్తోమత మేరకు ప్రోత్సాహకాలు ఇవ్వాలన్న మాట మాత్రమే ఉంది. కాబట్టి ఈ తీరంలోని ప్రైవేటు కర్మాగారంలో పనిచేసే నాడీవైవిధ్య ఉద్యోగికి చేతికందేంత దగ్గరలో ఉన్న ఆధారం సమాన అవకాశాల పత్రమే. ఆ ఒక్క పత్రాన్నీ అతడు లేకుండా, ఆమె లేకుండా రాశారు.

సంతకం చేసినవారి సూత్రాలు కొద్దివే. నాడీవైవిధ్య ఉద్యోగి ఎవరి జాలికీ పాత్రుడు కాడు. తల్లిదండ్రుల ప్రేమ ఉద్యోగి ఓటుకు బదులు కాదు. అసాధారణ ప్రతిభ ఉంటేనే గౌరవమనే షరతు, లెక్కల్లో మేధావి అయితేనే ఆటిజం ఉన్నవారికి చోటు అనే ప్రచారం, మామూలు పని మామూలుగా చేసి జీతం తీసుకోదలచిన వేలమందికి అవమానం. ‘మేము లేకుండా మా గురించి ఏదీ వద్దు’ అని ప్రపంచమంతటా వికలాంగుల ఉద్యమాలు ఎత్తిన నినాదం నెల్లూరు తీరానికీ వర్తిస్తుంది.

ఈ సూత్రాలన్నిటికన్నా ముందుండే కోరిక ఒకటి ఉంది, సంఘం ‘పని ఆలస్యమవుతుంది’ అన్న ఒక్క ముక్కతో కొట్టివేసినదీ దాన్నే. సంఘం ముసాయిదాలో ప్రశాంత గది ఉంది, మెత్తటి కుర్చీలున్నాయి, ఏడాదికొకసారి అవగాహన ఉపన్యాసం ఉంది; ఉద్యోగులు అడిగినది మాత్రం లేదు. వారు అడిగినది నిలిచి ఉండే ఆదేశం, అంటే పని గురించి పైవారు చెప్పే ప్రతి మాటా చెప్పిన మరుక్షణం గాలిలో కలిసిపోకుండా, చేసేవారు మళ్ళీ చూసుకోగలిగే రూపంలో ఉండాలన్న నియమం.

దీని అవసరం తెలియాలంటే రొయ్యలు వేరుచేసే హాలులో ఏం జరుగుతుందో చూడాలి. చెరువు పట్టిన రోజు లారీ దిగుతుంది, ఐసు గడ్డలు పగలగొట్టే చప్పుడు, బ్లోయర్ల హోరు, బెల్టు మోత కలిసి ఒకటే ధ్వనిగా నిండుతాయి, దాని మధ్య సూపర్‌వైజర్ నడుస్తూనే, ఆ ట్రేలు పక్కన పెట్టమని, ముందు 40 కౌంట్ చూడమని, అది కాగానే 60కి మారమని, వెళ్ళేటప్పుడు చిట్టీ మార్చమని ఒకే ఊపిరిలో చెప్పి దాటిపోతాడు. కౌంట్ అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య. అది తప్పితే సరుకు ధర తప్పుతుంది. ఆటిజం ఉన్నవారిలో చాలామందికి చెవి బాగానే వినిపిస్తుంది గాని, హోరులోంచి మాటను విడదీసుకోవడానికి మెదడుకు ఎక్కువ సమయం పడుతుంది. ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో చాలామందికి పనిజ్ఞాపకం, అంటే చేస్తున్న పనికి కావలసిన నాలుగు విషయాలను కాసేపు మనసులో పట్టి ఉంచుకునే శక్తి, అంత నమ్మకంగా పనిచేయదు. ట్రేలు పక్కన పెట్టడం, 40 కౌంట్ చూడడం తప్పులేకుండా జరుగుతాయి, 60కి మారడం జరగదు. ‘ఎన్నిసార్లు చెప్పాల అబ్బయా’ అన్న కేకతో మొదలైనది సాయంత్రానికి మెమో అవుతుంది, మెమోలో కారణం ‘ఉద్దేశపూర్వక అవిధేయత’ అని ఉంటుంది. వినబడని మాటకు అవిధేయత ఎలా సాధ్యమో విచారణలో ఎవరూ అడగరు, ఎందుకంటే ఆ మాట ఏమిటో చూపే కాగితమే లేదు. చెప్పినవాడు చెప్పానంటాడు, విననివాడు వినలేదంటాడు, నమ్మేది చెప్పినవాడినే.

అదే హాలులో రొయ్యకు ఉన్న రాత చూడాలి. పరిశుభ్రత సరిగా లేదని 1997లో ఐరోపా సమాఖ్య భారత సముద్ర ఉత్పత్తులను నిషేధించినప్పుడు, అదే ఏడాది డిసెంబరులో అమెరికా హెచ్‌ఏసీసీపీ నిబంధనను, అంటే ప్రమాదం ఏ దశలో తలెత్తగలదో ముందే గుర్తించి ఆ దశలను కొలిచి నమోదు చేసే పద్ధతిని, సముద్రాహారానికి తప్పనిసరి చేసినప్పుడు, ఈ పరిశ్రమ రాయడం నేర్చుకుంది. ఇప్పుడు నీటిలో క్లోరిన్ ఎంతో రాస్తారు, గడ్డకట్టిన సరుకు సున్నాకు దిగువన 18 డిగ్రీల వద్ద ఉన్నదీ లేనిదీ రాస్తారు, ఏ పెట్టె ఏ చెరువు నుంచి వచ్చిందో రాస్తారు. అప్పుడు పని ఆలస్యమవుతుందని ఎవరూ అనలేదు, అని ఉంటే సరుకు వెనక్కి వచ్చేది. పెట్టెలోని రొయ్యకు ఇంత చరిత్ర రాసిపెట్టగలిగిన పరిశ్రమ, ఆ రొయ్యను పట్టుకున్న చేతికి నాలుగు ముక్కలు రాసి ఇవ్వలేననడాన్ని సంతకం చేసినవారు నమ్మరు. అది వీలుకాని పని కాదు, ఇష్టం లేని పని.

ఈ తీరంలోనే, జిల్లాల విభజనలో తిరుపతి వైపు వెళ్ళిన శ్రీహరికోటలో, రాకెట్ లేచే ముందు కౌంట్‌డౌన్ అంతా రాసిపెట్టుకున్న క్రమంలో అడుగడుగునా సరిచూసుకుంటూ సాగుతుంది. అంత చదివిన శాస్త్రవేత్తలు కాగితం చూసి పనిచేయడాన్ని జాగ్రత్త అంటారు. గ్రేడింగ్ బల్ల దగ్గర నిలబడిన మనిషి కాగితం అడిగితే మందబుద్ధి అంటారు. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం పరిశ్రమల్లో పని షరతులు, ఏది దుష్ప్రవర్తనో ఏది కాదో రాసి ప్రకటించాలని ఏనాడో విధించింది. శిక్షకు ఆధారమయ్యే నియమం రాసి ఉండాలని ఒప్పుకున్నవారు, శిక్షకు కారణమయ్యే ఆదేశం మాత్రం నోటిమాటగా ఉంటే చాలునని ఏ న్యాయం ప్రకారం అంటారు?

రాతపూర్వకమంటే అక్షరాలే అనుకుని, డిస్లెక్సియా ఉన్నవారికి అది మరో భారమని సంఘం చెప్పిన అభ్యంతరం, డిస్లెక్సియా ఉన్నవారిని ఒక్కరినైనా అడిగి ఉంటే తలెత్తేదే కాదు. నిలిచి ఉండేది బొమ్మ కావచ్చు, ట్రేకు కట్టిన రంగు చీటీ కావచ్చు, ఫోన్లు లోపలికి రానివ్వని హాలులో గోడ మీది బోర్డు కావచ్చు, రానిచ్చే గోదాములో రికార్డు చేసిన మాట కావచ్చు. రూపం ఏదైనా, దాన్ని ఉద్యోగి ఎంచుకోవాలి, అది షిఫ్టు ముగిసేదాకా ఉండాలి, మెమో ఇవ్వదలచినవారు దాన్ని జతపరచాలి. జతపరచలేని మెమో చెల్లదు. ఈ చివరి వాక్యం మీద సంతకం చేసినవారు ఒక్క అక్షరం కూడా తగ్గరు. కేంద్ర రిజర్వు పోలీసు దళానికి చెందిన ఒక ఉద్యోగి కేసులో 2021 డిసెంబరు 17న సుప్రీంకోర్టు, మానసిక వైకల్యం ఉన్నవారిపై ఆ వైకల్యం కారణాల్లో ఒకటైన ప్రవర్తనకు క్రమశిక్షణ చర్య మొదలుపెట్టడం పరోక్ష వివక్ష కిందికి వస్తుందని చెప్పింది. పరోక్ష వివక్ష అంటే పైకి అందరికీ ఒకటే నియమంలా కనిపిస్తూ కొందరినే దెబ్బతీసేది. కేక వేసి చెప్పడం అందరికీ ఒకటే నియమం, దెబ్బ తగిలేది ఎవరికో ఈ తీరంలో అందరికీ తెలుసు.

‘ఇది మీకిస్తే అందరూ అడుగుతారు’ అన్నది రెండో అభ్యంతరం. అందరూ అడగాలి. పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చి తెలుగు కేకలు అర్థంకాక తలవంచుకు నిలబడే కూలీ అడగాలి, ఇరవై ఏళ్ళు ఈ హోరులో ఐసులో చేతులు పెట్టి పనిచేసి వినికిడి మందగించిన ఆడమనిషి అడగాలి, మొదటి రోజు పనిలోకి వచ్చిన కుర్రవాడు అడగాలి. జువ్వలదిన్నె నుంచి కృష్ణపట్నం దాకా ఏ గేటులోపలికి వెళ్ళినా, ఆదేశం ముందు కంటికి కనిపించి తరువాతే చెవిని తాకే రోజు వస్తుంది. మనిషి విలువను అతడి వినికిడి వేగంతో కొలిచే అలవాటు ఆ రోజుతో పోతుంది, కేక వేయగల గొంతే అధికారమనుకునే తరం ముగుస్తుంది, ఈ తీరం తన సరుకుతోపాటు తన పని పద్ధతినీ దేశానికి ఎగుమతి చేస్తుంది.

నిలిచి ఉండే ఆదేశం కోరినవారి దగ్గర సర్టిఫికెట్ అడగకూడదు. వైకల్య శాతాన్ని నిర్ధారించే సదరం శిబిరంలో 40 శాతమని తేలితేనే హక్కు అన్న వాదన రిజర్వేషన్‌కు వర్తిస్తే వర్తించవచ్చు, సర్దుబాటుకు వర్తించదు; 2021 ఫిబ్రవరి 11న ఒక సివిల్ సర్వీసు అభ్యర్థి కేసులో, పరీక్షలో రాసిపెట్టే సహాయకుడి కోసం 40 శాతం ఉండనవసరం లేదని సుప్రీంకోర్టే చెప్పింది. పెద్దవయసులో ఆటిజాన్ని గుర్తించే నిపుణులు అందుబాటులో లేని చోట కాగితం తెమ్మనడం, హక్కే లేదని చెప్పడంతో సమానం. మిగతా కోరికలు చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు: షిఫ్టు పట్టీ వారం ముందే ఇవ్వాలి, హోరు తగ్గించే చెవి కవచాలు అడిగిన ప్రతివారికీ ఇవ్వాలి, నియామకంలో ఇంటర్వ్యూకు బదులు పని చేసి చూపించే అవకాశం ఉండాలి, విధానం రాసే సంఘంలో సగం స్థానాలు నాడీవైవిధ్య ఉద్యోగులవి కావాలి. ఇప్పటి ముసాయిదాను ఉపసంహరించే వరకు సంతకం చేసినవారు ఆ సంస్థ ఏప్రిల్ సభలకు వెళ్ళరు.

తీరంలోని ఏ కర్మాగారంలో, ఏ హేచరీలో, ఏ గోదాములో పనిచేసేవారైనా, శాశ్వత ఉద్యోగులైనా కాంట్రాక్టు కూలీలైనా, ఈ ప్రణాళికపై సంతకం చేయవలసిందిగా విజ్ఞప్తి. సంతకానికి సదరం పత్రం అవసరం లేదు, వైద్యుడి చీటీ అవసరం లేదు. చదవడం కష్టమైనవారికి ప్రణాళికను మొదటినుంచి చివరిదాకా చదివి వినిపిస్తారు, కావాలంటే రెండోసారి కూడా, ఆ తరువాతే వేలిముద్ర తీసుకుంటారు.