క్రీడాఋతువు లేని కళాశాలలు

అమెరికా దేశమున ఆగస్టు మాసాంతము మొదలు జనవరి వఱకు శనివారమనగా కాలేజీ ఫుట్‌బాలే. పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములనుండి ఉన్నతవిద్యకై అచ్చటికి బోయిన మన యువకులు ఈ వేడుకను చూడకుండుట యరుదు. మిషిగన్ విశ్వవిద్యాలయపు క్రీడాంగణమున లక్షయేడువేల మందికి పైగా కూర్చుండవచ్చును. విద్యార్థుల యాటకు ఇంత యార్భాటమా యని మన పెద్దలు నవ్వుదురు. నవ్వదగినది కొంత కలదు. నేర్వదగినదియు కలదని మా యభిప్రాయము.

పేరునకు ఫుట్‌బాలు గాని, కాలికంటె చేతికే అందు పని యెక్కువ. జట్టునకు 11 మంది. బంతి చేతనున్నవారు నాలుగు యత్నములలో 10 గజములు ముందునకు సాగవలెను. సాగలేకున్న బంతి ఎదుటివారి పాలగును. గట్టు తగాదాలెఱిగిన మన రైతులకు ఈ యాట తత్త్వమును వేఱుగ చెప్పనక్కఱలేదు. 1869లో రట్గర్సు, ప్రిన్స్‌టన్ కళాశాలల నడుమ ఇది మొదలయ్యెను. 1905 నాటికి మైదానమున యువకులు ప్రాణములు కోల్పోవుట హెచ్చి, అధ్యక్షుడగు థియొడోరు రూజ్‌వెల్టు కలుగజేసికొనవలసి వచ్చెను. మఱుసటి యేడు నియమములు సవరింపబడి, బంతిని ముందునకు విసరుటకు అనుమతి లభించెను.

ఈ యాట చరిత్రలో పరాధీనతను చవిచూచిన మనవంటి జాతి మఱవరాని అధ్యాయమొకటి కలదు. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైలు పట్టణమున, పాత సైనికశాలలలో, ఆదిమజాతుల పిల్లల కొఱకొక పాఠశాల స్థాపింపబడెను. కొలంబసు భ్రమవలన మన పేరు తగిలించుకొనిన ఆ జాతుల బిడ్డలకు అచ్చట జుట్టు కత్తిరించిరి, పేర్లు మార్చిరి, మాతృభాష మాటాడిన దండించిరి. పిల్లవానిలోని జాతిని చంపి మనిషిని మిగుల్చుటయే చదువని ఆ పాఠశాల స్థాపకుని సిద్ధాంతము. మెకాలే చదువును రుచిచూచిన మనకు ఇది క్రొత్తగా తోపదు. వ్యాధులపాలై తల్లిదండ్రులను మఱల చూడక ఆ మట్టిలోనే కలిసిన పిల్లలు నూటికి మించియున్నారు.

అట్టి పాఠశాల జట్టు 1912లో 14 ఆటలాడి 12 గెలిచెను. ఒకటి సమమయ్యెను, ఒకటి ఓడెను. నవంబరు 9వ తేదీన వెస్టుపాయింటులో అమెరికా సైనిక విద్యాలయపు జట్టును 27–6 తేడాతో ఓడించెను. వూండెడ్‌నీ వద్ద సైనికులు ఆదిమజాతి స్త్రీలను, శిశువులను కాల్చిచంపిన 1890కి అది ఇరువదిరెండవ యేడు. ఆనాడు ఓడిన జట్టులో తరువాత దేశాధ్యక్షుడైన ఐసెన్‌హోవరు ఆడెను. గెలిచిన జట్టులో జిమ్ థోర్పు ఆడెను. ఆ వేసవిలోనే స్టాక్‌హోము ఒలింపిక్సులో రెండు స్వర్ణపతకములు గెలిచిన థోర్పునుండి 1913లో వానిని లాగికొనిరి. 2022లో గాని ఆ పోటీలకు ఆయనయే ఏకైక విజేతయని ఒప్పుకొనలేదు. ప్రవేశరుసుముల సొమ్ముతో ఏర్పడిన క్రీడానిధిపై 1914లో కాంగ్రెసు విచారణ నడచెను. 1918లో పాఠశాల మూతపడెను. ఆటవలన ఆ జాతికి భూములు తిరిగి రాలేదు. అయినను అణచుటకు కట్టిన పాఠశాలనుండియే అణచినవారిని సరిసమానముగ ఎదిరించు జట్టు వెలువడుట సామాన్యవిషయము కాదు.

ఇది యొక్కనాటి యావేశమున జరుగలేదని గుర్తింపవలెను. 14 ఆటలు! పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము చేతిలో ఓడినవారికి తరువాతి వారము మఱియొక యాట సిద్ధముగ నుండెను. ఓటమిని దిద్దుకొనుటకు వ్యవధి, కారణము రెండును ఉండెను. మేము క్రీడాఋతువను మాటను ఈ యర్థముననే వాడుచున్నాము.

సరిగా నూరేండ్లకు, 2012లో, ఈ యాట మన దేశమునకు వచ్చెను. అమెరికా ధనికుల పెట్టుబడితో ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా యను సంస్థ వెలసి, హైదరాబాదు స్కైకింగ్సు అను పేర మన తెలుగు నగరమునకును ఒక జట్టును కల్పించెను. పేరున్నది, కవచములున్నవి, శిరస్త్రాణములున్నవి, టెలివిజనున్నది. ఆ యాట నేర్పు పాఠశాలగాని కళాశాలగాని లేదు. వేరులేని మొక్క వలె ఆ ప్రయత్నము వాడిపోయెను. ఇందు ఆటగాండ్ర దోషమేమియు లేదు. అదే హైదరాబాదున బి.ఏ. చదివి, ఉస్మానియా విశ్వవిద్యాలయపు జట్టులో ఆడి, ఉపాధ్యాయుడై, నగరపోలీసు జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీము శిక్షణలో భారత ఫుట్‌బాలు జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణములు, 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానము సంపాదించెను. అచ్చట వేరున్నది.

ఇక మన సంగతి. పులివెందులలో 2006 నుండి ఇంజనీరింగు కళాశాల కలదు. ఇడుపులపాయలో 2008 నుండి ట్రిపుల్ ఐటీ కలదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగులందు డిగ్రీ, ఇంటర్ కళాశాలలకు కొదువలేదు. మన పిల్లలకు శక్తి లేదని అనువారు, వీరపునాయునిపల్లె మండలపు పల్లెనుండి బయలుదేరి 2025 ప్రపంచకప్పులో 14 వికెట్లు తీసిన శ్రీచరణిని చూచి నోరు మూసికొనవలెను. లేనిది ఋతువు. మన అంతరకళాశాలా పోటీలు పెక్కుమారులు రెండుమూడు దినములలో ముగియును. మొదటి యాటలో ఓడిన జట్టు ఆ సాయంకాలమే బస్సెక్కును. ఆ విద్యార్థికి ఆ యేటి క్రీడ అంతటితో సరి. పెక్కు ప్రయివేటు ఇంటర్ కళాశాలలలో ఆ యొక్క దినమును లేదు. అద్దెమేడలో తరగతులు, మేడపైన వసతి, ఉదయమునుండి రాత్రివఱకు బట్టీ. ఫీజు కట్టు తండ్రులు ర్యాంకులడుగుదురే గాని మైదానమెక్కడ యని అడుగుట మేము వినలేదు.

అమెరికా ఫుట్‌బాలును మనము తెచ్చుకొనవలెనని మేము చెప్పము. ఆ కవచముల వెల మనకు తగదు. ఆ దెబ్బలచే మెదడు చెడునని వైద్యులు తేల్చియున్నారు. పైగా అచ్చటి కళాశాలాక్రీడ నేడు వ్యాపారమైనది. 2025లో న్యాయస్థానము ఆమోదించిన ఒప్పందము ననుసరించి ఒక్కొక్క విశ్వవిద్యాలయము ఏటికి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లవఱకు ఆటగాండ్రకు నేరుగ చెల్లింపవచ్చును. ఆ చెమటకు ఫలము దక్కుట న్యాయమే. ఆ డాంబికము మనకు వలదు.

వారి మైదానమొకటి మన లెక్కలో ఎకరము ముప్పదిరెండు సెంట్లు. కబడ్డీ బరికి మూడు సెంట్లకు పైచిలుకు చాలును. వాలీబాలుకు నాలుగు సెంట్లు. మూడు తాలూకాలలో ఆరు కళాశాలలు ముందుకు వచ్చిన యెడల, ప్రతిజట్టును తక్కిన అయిదింటితో తన యూర నొకమాఱు, వారి యూర నొకమాఱు ఆడినచో, ఒక్కొక్క జట్టునకు పది యాటలు దక్కును. అక్టోబరు చివర మొదలిడి శనివారమున కొకటి చొప్పున ఆడిన, సంక్రాంతిలోపల, అనగా పరీక్షల యొత్తిడికి ముందే ముగియును. బస్సుచార్జీలు తప్ప వ్యయమేమియు లేదు. కళాశాలల యాజమాన్యములలో ఉన్నవారు, వానికి స్థలములిచ్చినవారు ఈ పత్రిక చదువరులలో పలువురు కలరు. వచ్చు విద్యాసంవత్సరమునకు ముందే వారొకచోట కూడి, ఏ కళాశాల ఏ శనివారమున ఎవరి యూర ఆడునో పట్టిక వ్రాసి ప్రకటింపవలెనని కోరుచున్నాము.