అనుభవం చెప్పండి, మందు చెప్పకండి

రోగం వచ్చిన మనిషి తన బాధను నలుగురితో చెప్పుకోవడం మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నదే. రామకోవెల అరుగు మీద, సంతలో, బస్సులో సాగిన ఆ మాటలు ఇప్పుడు సెల్‌ఫోనులోకి చేరాయి. 2022లో అనకాపల్లి జిల్లాలో కలిసిన మన మాడుగుల ప్రాంతంలో వాట్సాప్ గ్రూపు లేని ఊరు అరుదు. ఫలానా ఆసుపత్రిలో మోకాలి ఆపరేషను చేయించుకున్నాను, ఇన్ని రోజులు పట్టింది, ఈ కాగితాలు అడిగారు అని ఒకరు తెలిపితే, తరువాత వెళ్లేవారికి దారి తెలుస్తున్నది. చోడవరం మీదుగా విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి వెళ్లవలసిన పేదవానికి అటువంటి సమాచారం ఒక రోజు కూలిని మిగులుస్తుంది. ఇది మెచ్చదగిన మార్పు.

అయితే అనుభవం చెప్పడం వేరు, మందు చెప్పడం వేరు. 2021 మే నెలలో కరోనా రెండవసారి విజృంభించినప్పుడు నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు ఉదంతం మనం మరువరాదు. కంట్లో చుక్కలు వేయగానే తేరుకున్నానని ఒక రిటైర్డు హెడ్‌మాస్టరు చెప్పిన వీడియో రాష్ట్రమంతటా ఫోన్లలో తిరిగింది. జనం వేల సంఖ్యలో ఆ ఊరికి తరలివెళ్లారు. ఆ పెద్దమనిషి ఆ నెలాఖరున నెల్లూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. మే 31న ప్రభుత్వం కంటి చుక్కలు మినహా మిగిలిన మందుకు అనుమతి ఇచ్చింది. దానివల్ల కరోనా తగ్గుతుందనే నిర్ధారణ మాత్రం లేదని తెలిపింది. ఆయన అబద్ధం చెప్పారని ఎవరూ అనలేరు. ఆ క్షణంలో తనకు అనిపించినది చెప్పారు. కాని మొదటి వీడియో చూసినవారిలో చివరి వార్త ఎందరికి చేరింది? బాగుపడినవారి మాట ఊరూరా తిరుగుతుంది. బాగుపడనివారు చెప్పడానికి ఉండరు. ఫోనులో వచ్చే ప్రతి చిట్కాను ఈ సంగతి గుర్తుంచుకుని చూడాలి.

డాక్టర్లు నేరుగా ప్రజలతో మాట్లాడడం కొత్త కాదు. విజయవాడకు చెందిన డాక్టర్ సమరం పత్రికలలో పాఠకుల ప్రశ్నలకు దశాబ్దాల తరబడి జవాబులిచ్చారు. సిగ్గుపడి ఎవరినీ అడగలేని సందేహాలు అలా తీరాయి. నేడు ఎందరో డాక్టర్లు యూట్యూబ్‌లో తెలుగులో చక్కగా వివరిస్తున్నారు. వినవలసిందే. కాని వీడియోలో మాట్లాడే డాక్టరుకు మీ బి.పి. ఎంతో, మీ షుగరు ఎంతో తెలియదు. మందు మోతాదు తెలుసుకోవాలంటే మిమ్మల్ని చూసి, విని చెప్పే డాక్టరు కావాలి. దానికీ ఫోను దారి ఉన్నది. 2019 నవంబరులో మన రాష్ట్రంలోని ఆరోగ్య కేంద్రాలలో ఈ-సంజీవని మొదలైంది. అక్కడి సిబ్బంది పరీక్షలు చేసి రోగిని తెర మీద డాక్టరుకు చూపిస్తారు. 2020 మార్చి 25న కేంద్రం ప్రకటించిన నిబంధనల ప్రకారం ఇలా వైద్యం చేసే డాక్టరు చీటీ మీద తన రిజిస్ట్రేషను నంబరు వేయాలి, రోగి గుట్టు కాపాడాలి. చిట్కాలు పంపేవారికి ఈ బాధ్యత ఏదీ లేదు.

గుట్టు సంగతి మరీ ముఖ్యం. డాక్టరు దగ్గర, వకీలు దగ్గర దాపరికం పనికిరాదని పెద్దలు అన్నారు. డాక్టరుకు చెప్పమన్నారే గాని ఊరందరికీ చెప్పమనలేదు. పేరు, వయసుతో సహా రక్తపరీక్ష కాగితాన్ని గ్రూపులో పెట్టి సలహా అడిగేవారు ఉన్నారు. పెళ్లి కావలసిన పిల్ల కాగితం అలా బయటపడితే ఆ కుటుంబం ఎన్నేళ్లు బాధపడాలి? ఒకరికి హెచ్.ఐ.వి. ఉన్నదని వారి అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది. వైద్య సిబ్బంది కూడా శిబిరాలలో రోగుల ముఖాలు కనిపించే ఫోటోలను అడగకుండా పెట్టడం మానుకోవాలి.

ఈ విషయంలో అందరూ శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్లు వారానికొకసారైనా మన యాసలో అయిదు నిమిషాలు మాట్లాడి ఫోన్లకు పంపితే, పుకార్లకు చోటు తగ్గుతుంది. ఊరిలో వచ్చే సందేహాలను ఆశా కార్యకర్తలు పేర్లు లేకుండా వారికి చేర్చవచ్చు. గ్రూపులు నడిపే యువకులు రోగుల కాగితాలను, మందుల చిట్కాలను వెంటనే తొలగించాలి. పాము కరిచినా, గుండెలో నొప్పి వచ్చినా మెసేజి పెట్టి జవాబు కోసం చూడరాదు, వెంటనే 108కి ఫోను చేయాలి. మనసు కలత చెందినవారికి 14416లో ఉచితంగా సలహా దొరుకుతుంది.

ఎక్కడికి వెళ్లారో, ఎంత ఖర్చయిందో, ఎలా ధైర్యం తెచ్చుకున్నారో పదిమందికీ చెప్పండి. ఏ మాత్ర మింగాలో మాత్రం డాక్టరునే చెప్పనివ్వండి.