నీటిమీద విడిది

తెలుగువారి పెళ్లిలో ప్రతి చుట్టానికీ ఒక స్థానమున్నది. వధువును గంపలో కూర్చోబెట్టి మంటపానికి తెచ్చేది మేనమామ. వరుని పక్కన తోడి పెళ్లికొడుకు కూర్చుంటాడు. ఆడపడుచుకు లాంఛనమున్నది, బావమరిదికి బెట్టుచేసే హక్కున్నది. పెత్తల్లిగారు అలిగితే అలక తీర్చడానికి నలుగురు పెద్దమనుషులు కదలివెళ్లవలసి ఉంటుంది. ఇంత విస్తారమైన ఏర్పాటులో స్నేహితునికి మాత్రం ఒక పీట గాని, ఒక మంత్రం గాని, కనీసం అలిగే అధికారం గాని లేదు.

ఇందులో ఒక విడ్డూరమున్నది. ఏడడుగులు కలిసి నడిచినవారు మిత్రులవుతారన్నది పూర్వుల భావన. సంస్కృతంలో స్నేహానికి సాప్తపదీనమని పేరు. ఆ పదం కోసం పాణిని ఒక సూత్రమే చేశాడు. సప్తపదిలో ఏడవ అడుగు వేసిన వధువును వరుడు మిత్రమా అనే సంబోధిస్తాడు. అనగా పెళ్లి తన ముఖ్యమైన మాటను స్నేహం దగ్గర అప్పు తెచ్చుకొన్నది. తెచ్చుకొని, అప్పిచ్చినవానికి పందిట్లో చోటు చూపడం మరచిపోయినది.

ఆ చోటును గోదావరి, కృష్ణా డెల్టాలలో కొంతకాలం పడవ చూపించినది.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది. బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట 1855 నాటికి పూర్తయినది. ఆర్థర్ కాటన్ దృష్టిలో కాలువ అంటే పొలానికి నీరు మాత్రమే కాదు, మనిషికి బాట కూడా. రైళ్లకంటె నీటిబాటలే ఈ దేశానికి చవక అని ఆయన గట్టిగా వాదించినవాడు. అందుచేతనే ప్రధానమైన కాలువలకు లాకులు అమర్చారు. గోదావరి నుంచి వచ్చే కాలువా, కృష్ణ నుంచి వచ్చే కాలువా ఏలూరులో కలిశాయి. కృష్ణ దాటి కొమ్మమూరు కాలువ వెంట పోయి, పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువలో ప్రవేశిస్తే మద్రాసు దాకా నీటిమీదనే వెళ్లవచ్చును. ఆ బాటను ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, కలప వాడుకొన్నట్టే పెళ్లివారూ వాడుకొన్నారు.

అయితే అన్ని ముహూర్తాలకూ పడవ దొరకదు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టివేస్తారు. తిరిగి జూన్ ప్రాంతంలో నీరు వదలుతారు. వైశాఖ ముహూర్తాలు సరిగా ఆ రోజులలోనే వస్తాయి. కనుక పడవలో తరలివెళ్లదలచినవారికి మాఘ ఫాల్గుణాలే అనుకూలం. లగ్నం పెట్టే సిద్ధాంతిగారు పంచాంగంతో పాటు పి.డబ్ల్యు.డి. వారి నోటీసును కూడా చూడక తప్పదన్నమాట!

కాకినాడ కళాశాలలో చదివే కుర్రవాడు తన సహాధ్యాయి పెళ్లికి మగపెళ్లివారితో కలిసి అమలాపురం తరలివెళ్లడమనే సంగతిని తీసికొందాము. కాకినాడ నుంచి ధవళేశ్వరం వరకు నీటికి ఎదురు ప్రయాణం. గాలి అనుకూలిస్తే తెరచాప. లేకపోతే మనుషులు గట్టుమీద నడుస్తూ తాడు భుజాన వేసికొని లాగవలసినదే. పడవ వేగం ఆ మనిషి నడక వేగమే. ధవళేశ్వరంలో లాకు దాటి, ఆనకట్టకు ఎగువన గోదావరికి అడ్డంగా పడి, బొబ్బర్లంక చేరాలి. అక్కడినుంచి లొల్ల లాకుల మీదుగా అమలాపురం కాలువలో దిగితే ఇక ప్రవాహం తోడు. మొత్తం మీద రెండు రాత్రులైనా పడవలో గడపవలసినదే. పెళ్లికొడుకుతో సహా ఇరవై ముప్పయి మంది ఆ గూడు కింద వండుకొంటారు, తింటారు, కునుకు తీస్తారు, పోట్లాడుకొంటారు. ఊరు చేరాక దిగవలసిన విడిది సంగతి అలా ఉంచితే, నడిచే విడిది ఇదొకటి.

లాకు దగ్గర ప్రయాణం ఆగుతుంది. రెండు జతల తలుపుల నడుమ రాతికట్టు తొట్టి. ఎగువకు పోయే పడవ అందులో చేరగానే దిగువ తలుపులు మూసి, ఎగువ తలుపుల తూములు ఎత్తుతారు. తొట్టి నిండుతుంది, పడవ తనంత తానుగా పైకి లేస్తుంది. రెండువైపులా నీటిమట్టం సమమైన పిమ్మట గాని ఎగువ తలుపులు తెరుచుకోవు. ఏ యంత్రమూ లేదు. నీటి బరువు, మనిషి చేయి, కొంచెం ఓపిక. ఆ వ్యవధిలో పిల్లలు గట్టు ఎక్కుతారు, మగవారు కాఫీ కోసం చూస్తారు, ఆడవారు మరుగు వెదుక్కొంటారు.

మొదటి పూట స్నేహితుడు అతిథి. అతనికి ముందుగా వడ్డిస్తారు, గారు చేర్చి పిలుస్తారు. రెండవ పూటకు చేద అతని చేతికి వస్తుంది. ముసలి మేనత్తగారిని లాకుగట్టు మీదికి చేయి పట్టుకొని ఎక్కించడం, పసివాళ్లు అంచున వంగి చూడకుండా కాపలా కాయడం, అర్ధరాత్రి దీపంలో కిరసనాయిలు పోయడం క్రమంగా అతని పనులవుతాయి. ఎవరూ పురమాయించరు. ఇరుకు అటువంటిది, చేతులు కట్టుకొని కూర్చునేందుకు అందులో స్థలముండదు. మూడవనాటి ఉదయానికి పెళ్లికొడుకు తల్లి అతనిని "ఒరేయ్" అని పిలుస్తుంది.

రాత్రి మరొక పని కూడా ఉన్నది. పెళ్లికొడుకుకు నిద్రపట్టదు. అమ్మాయిని చూచినది ఒక్కసారి, అదీ తల వంచుకొని ఉండగా. ఈ పెళ్లితో చదువు ఆగిపోతుందేమో. మామగారి వద్ద పుచ్చుకొన్న కట్నం ఏ అప్పు కింద జమ అయినదో. ఇవి తండ్రితో అనగలిగిన మాటలు కావు, అన్నగారితో అనగలిగినవీ కావు. చుక్కాని దగ్గర చీకటిలో కూర్చుని స్నేహితునితో అనవచ్చును. స్నేహితుని వద్ద వాటికి పరిష్కారముండదు. అతడు మేలుకొని ఉంటాడు, అంతే. పెళ్లి తంతులో ఎక్కడా చెప్పని ఈ పనిని చుట్టాలలో ఒక్కరూ చేయలేరు.

ఇక రేవు. ఆడపెళ్లివారు మేళతాళాలతో, పానకం బిందెలతో ఎదుర్కోలుకు వస్తారు. పడవ దిగుతున్న ప్రతివారికీ వరస తెలుసుకొనే ప్రశ్న ఎదురవుతుంది: ఈ అబ్బాయి ఎవరు, పెళ్లికొడుకుకు ఏమవుతాడు? స్నేహితుడు సమాధానం వెదుక్కొనేలోగా వెనుకనుంచి మేనత్తగారు "మావాడే" అంటుంది. ఆ ఒక్క మాట సంపాదించడానికి రెండు రాత్రులు పట్టినది. రైలులో, బస్సులో వచ్చినవాడు దానిని కొనుక్కోలేడు.

ఇంతమాత్రాన పడవను వెన్నెలగా, పిల్లగాలిగా వర్ణించేవారితో ఏకీభవించనక్కరలేదు. ఆ వర్ణనలలో తాడు లాగినవాడు కనిపించడు. అతడు పెళ్లివారందరి బరువునూ భుజాన మోశాడు. వారు తిన్న తరువాత తిన్నాడు. రేవు చేరాక అతనిని "మావాడే" అన్నవారు లేరు. ఆడవారికి ఆ రెండు రాత్రులూ మరుగు లేని శిక్ష. పొగ కళ్లలో, పసిబిడ్డ ఒడిలో. కులం పడవ ఎక్కకుండా గట్టున ఉండిపోలేదు. పొయ్యిలు వేరు, మంచినీళ్ల బిందెలు వేరు. కాలేజీ హాస్టలులో ఏర్పడిన స్నేహం కులం దాటి వచ్చినట్లయితే ఆ కుర్రవాడు తన విస్తరి ఎక్కడ వేస్తారో చూచుకొని మరీ కూర్చోవలసి వచ్చేది. పడవ ఇరుకు కనుక ఆ అవమానం అందరి కళ్లముందూ జరిగేది. అది పడవ గొప్పతనం కాదు. దాచడానికి వీలులేకపోవడం మాత్రమే.

అన్నిటికంటె పెద్ద లోపం మరొకటి. పైన చెప్పినదంతా మగవాని స్నేహం. పెళ్లికూతురి స్నేహితురాలికి ఆ పడవలో చోటు లేదు. ఆమె స్నేహం రేవు దగ్గర ఆగిపోయేది. పడవ వంపు తిరిగేదాకా చూచి ఇంటికి పోవడమే ఆమె పాత్ర. నేడు ఒక ఉపాధ్యాయిని తన సహాధ్యాయిని పెళ్లికి ఒంటరిగా రైలెక్కి వెళ్లి మరునాడు బడికి చేరుకొంటున్నది. పడవ పోయినందుకు విచారించేవారు ఈ లాభాన్ని లెక్కలో వేయకపోతే ఆ విచారం సగం విచారమే.

పాలగుమ్మి పద్మరాజు "పడవ ప్రయాణం" అనే కథ వ్రాశాడు. అందులో పెళ్లి లేదు. దొంగతనమున్నది, ఒక స్త్రీ ప్రేమ ఉన్నది. రాత్రివేళ పడవలో ఆ స్త్రీ పరిచయం లేనివాని ముందు తన బ్రతుకంతా విప్పుతుంది. పగటివేళ బస్సులో ఆమె ఆ మాటలు చెప్పి ఉండేది కాదు. 1973లో వచ్చిన బాపు రమణల "అందాల రాముడు" చిత్రంలో జనమంతా గోదావరిమీద భద్రాచలం రాములవారి కల్యాణానికి తరలిపోతారు. దేవుని పెళ్లికి పోయేవారు కూడా పడవలో ఉన్నంతసేపూ మనుషుల తగవులే తీర్చుకొంటారు! కథకులకు ఈ కిటుకు ముందే తెలుసును: దిగిపోవడానికి వీలులేని చోటనే మనిషి బయటపడతాడు.

తరువాత తాడు లాగినవారు నడిచిన గట్లే అనేకచోట్ల రోడ్లయినవి. ఆ రోడ్లమీద బస్సులు, బస్సుల వెనుక కార్లు వచ్చినవి. స్నేహితుడు ఇప్పుడు రిసెప్షను వేదిక ముందు వరుసలో నిలబడుతున్నాడు. తన వంతు రాగానే కవరు అందించి, ఛాయాచిత్రానికి నవ్వి, భోజనాల వైపు మళ్లుతున్నాడు. విదేశం నుంచి విమానంలో వేల రూపాయలు వెచ్చించి వచ్చినవానికి కూడా పెళ్లికొడుకుతో దొరికేది ఆ అర నిమిషమే. దోషం స్నేహితునిది కాదు, వాహనానిదీ కాదు. మగపెళ్లివారు నేటికీ బస్సు కట్టించుకొని రాత్రంతా ప్రయాణం చేస్తూనే ఉన్నారు. ఆ బస్సులో కార్లవారు కూడా ఎక్కి, సినిమా ఆపించి కూర్చున్నట్లయితే పడవలో జరిగినదానిలో సగమైనా జరుగుతుంది. ముహూర్తానికి గంట ముందు దిగే స్నేహితునికంటె, ముందురోజు రాత్రి వచ్చి కూరలు తరిగే స్నేహితుడు పెళ్లికొడుకుకు ఎక్కువ అవసరం. ఈ మాట శుభలేఖలో అచ్చువేయరు గనుక స్నేహితుడే గ్రహించాలి.

కాలువలలో పడవలు తిరిగి నడవాలని కోరేవారున్నారు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువలను, గోదావరి కృష్ణల కొంత భాగంతో కలిపి, 2008లో నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఆ ఆలోచనలో ముందు నిలిచినది సరుకు, మనిషి తరువాత. మనుషులను ఎక్కించే రోజు వస్తే దానికి ముందు 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిన పర్యాటకుల పడవను గుర్తుంచుకోవాలి. వరద వేళ వదలని పడవ, ప్రతి ప్రయాణికునికీ ఒంటిమీద లైఫ్ జాకెట్టు, పరిమితికి మించని జనం — ఇవి లేకుండా వెన్నెల గురించి మాట్లాడడం పాపం.

అంతవరకు బడులు చేయగల పని ఒకటున్నది. పడవ ప్రయాణాన్ని గురించి వ్యాసం వ్రాయమంటే, ఎన్నడూ పడవ ఎక్కని పిల్లలు చల్లగాలి, నీలాకాశం, పక్షుల కిలకిలలతో పుట నింపుతారు. డెల్టాలోని ఉపాధ్యాయుడు ఆ తరగతిని ఒక్కపూట దగ్గరలో ఉన్న లాకు వద్దకు తీసికొని వెళ్లవచ్చును. తలుపులు ఏ వైపుకు తెరుచుకొంటాయో, ఎగువనా దిగువనా నీటిమట్టంలో తేడా ఎంతో పిల్లలచేత కొలిపించవచ్చును. ఆ సాయంకాలం ఊరిలో పెళ్లి పడవ ఎక్కిన ముసలివారి వద్దకు పంపవచ్చును. అటువంటివారు ఇప్పుడు తక్కువ. ఏటేటా మరింత తగ్గుతున్నారు. వారిని అడగవలసిన ప్రశ్నలు గైడు పుస్తకాలలో దొరకవు. పడవలో ఎవరు వండారు, ఎవరు కడపట తిన్నారు? తాడు లాగినవారు రాత్రి ఎక్కడ పడుకొన్నారు? రేవులో దిగినప్పుడు, చుట్టము కాని ఆ కుర్రవాడిని చూపించి ఎవరని అడిగితే, ఇంటివారు ఏమని చెప్పారు?