చదువుకూ తడులు కావాలి

పిల్లలూ!

పదిహేడో ఎక్కం రాత్రి గడగడా అప్పజెప్పారు. నాలుగు రోజుల తరవాత మాష్టారు, "పదిహేడు ఎనిమిదులు ఎంత?" అని అడిగేసరికి నోట మాట రాలేదు. "నాది మట్టిబుర్ర" అని దిగులు పడ్డారు. అలా అనుకోకండి. మరుపు అందరికీ ఉన్నదే. లోపం బుర్రలో లేదు, చదివిన పద్ధతిలో ఉంది.

చీమకుర్తి ప్రాంతంలో మిరప తోట వేసిన రైతును చూడండి. పంటకు కావలసిన నీళ్ళన్నీ ఒక్కరోజే తోటలోకి వదులుతాడా? వదిలితే నీరు నిలిచి వేళ్ళు కుళ్ళిపోతాయి. అందుకని ఒకసారి నీరు పెట్టి, నేలను కాస్త ఆరనిచ్చి, మళ్ళీ పెడతాడు. ఒక్కొక్కసారి పెట్టే నీటిని "తడి" అంటారు. చదువుకు కూడా ఇలాంటి తడులే కావాలి.

ఈ సంగతి లెక్కకట్టి చూపినవాడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు. ఆయన అర్థంలేని చిన్న చిన్న శబ్దాలను వరసలుగా పేర్చి, తానే వల్లెవేసి, ఎంతకాలానికి ఎంత మరిచిపోతున్నదీ రాసిపెట్టుకున్నాడు. 1885లో ఆ ఫలితాలను పుస్తకంగా ప్రకటించాడు. మరుపు మొదట్లో చాలా వేగంగా ఉంటుందనీ, పోనుపోను నెమ్మదిస్తుందనీ తేలింది. ఇంకొక వింత చూడండి: 12 శబ్దాల వరసను ఒకేరోజు 68 సార్లు చదివితే మర్నాటికి ఎంత లాభం కలిగిందో, మూడు రోజులకు పంచి 38 సార్లు చదివితేనే అంత లాభం కలిగింది! 30 సార్ల శ్రమ తప్పిందన్నమాట.

మరి మీరేం చెయ్యాలి? ఈరోజు నేర్చినదాన్ని రేపు ఒకసారి, నాలుగో రోజున ఒకసారి, వారానికొకసారి, నెలకొకసారి తలచుకోండి. పుస్తకం మూసి మరీ తలచుకోవాలి సుమా! చూస్తూ చదివితే అంతా వచ్చినట్టే ఉంటుంది, కాని అది భ్రమ. తడుముకుని గుర్తు తెచ్చుకున్నదే గట్టిగా నిలుస్తుంది. ఎంతకీ రాకపోతే అప్పుడు పుస్తకం తెరవండి. సులువుగా వస్తే రోజుల ఎడం పెంచండి, రాకపోతే తగ్గించండి.

నా మాట ఊరికే నమ్మనక్కరలేదు, మీరే పరీక్షించి చూడండి. పదిహేడో ఎక్కం ఒకేరోజు 20 సార్లు చదవండి. పందొమ్మిదో ఎక్కం రోజు విడిచి రోజు, 5 సార్ల చొప్పున, నాలుగు రోజులు చదవండి. అదీ 20 సార్లే. తరవాత రెండింటినీ ముట్టుకోకండి. వచ్చే నెల పత్రిక మీ చేతికి అందిన రోజున రెండూ అప్పజెప్పుకోండి. ఏది నిలిచిందో మీకే తెలుస్తుంది.